ఐఐటీలో అవసరమైన ల్యాప్‌టాప్ అనుబంధ కాలేజీలో విలాసమా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ జరిగినన్నాళ్లూ నాకు వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న ఉంటుంది: ఏ కాలేజీ, ఏ బ్రాంచి? సీటు అలాట్ అయిన మర్నాటి నుంచి ఆ ప్రశ్న మారిపోతుంది. "అక్కా, ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" అడిగేది ఇంట్లో మొదటిసారి బీటెక్‌కి వెళ్తున్న పిల్లలు. వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి ఇవన్నీ తెలుస్తాయని వాళ్ల నమ్మకం. నిజానికి వాళ్లకి కావాల్సింది మోడల్ పేరు కాదు. కొనకుండా గడుస్తుందా? ఎన్నాళ్లు ఆగొచ్చు? ఎంత అప్పు చేయాలి? వాళ్ల మనసులో ఉన్నవి ఇవి. పైకి అడగడానికి మొహమాటం.

ఈ ప్రశ్నల్ని ప్రభుత్వం అడగదు, యూనివర్సిటీ అడగదు, కాలేజీ అసలే అడగదు. కాలేజీ చేసేదల్లా వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా పెట్టడం. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు. ఈ జాబితా ఎక్కడి నుంచి వచ్చింది? సిలబస్‌లో నుంచి మాత్రం కాదు. మొదటి ఏడాదిలో ఉండేవి గణితం, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ డ్రాయింగ్, సీ భాషలోనో పైథాన్‌లోనో ప్రోగ్రామింగ్. సీ ప్రోగ్రామ్ పదిహేనేళ్ల నాటి కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఆ జాబితా రాసినవాళ్ల కళ్ల ముందున్న విద్యార్థి వేరు. సీటు రాగానే నాన్న కార్డు గీకి కొనిపెట్టే ఇంటి విద్యార్థి. అలాంటి ఇల్లే మామూలు ఇల్లు అన్న ఊహ ఆ నాలుగు లైన్లలో ఉంది.

మన ఇళ్ల లెక్క చూద్దాం. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికినా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా, చేతికొచ్చేది 30,700. ఆ జాబితాలోని యంత్రం దానికి రెండింతలు దాటుతుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరగడంతో భారం ఇంకా పెరిగింది. జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం 2017-18లో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. అంటే పల్లెలో నూటికి 95 ఇళ్ల పిల్లలు కంప్యూటర్‌ని మొదటిసారి తాకేది కాలేజీ ల్యాబులోనే. అయిదు గంటలకు తాళం వేసే ల్యాబు అది.

ల్యాప్‌టాప్ లేకపోతే ఏమవుతుంది? మార్కులు తగ్గుతాయని అందరూ అనుకుంటారు. అంతకంటే లోతైన నష్టం ఒకటి ఉంది. నలుగురు సభ్యుల ప్రాజెక్ట్ టీమ్‌ని గమనించండి. ల్యాప్‌టాప్ ఉన్న ఇద్దరు కోడ్ రాస్తారు, లేని ఇద్దరు రికార్డు రాస్తారు. స్పైరల్ బైండింగ్ చేయించుకొస్తారు, జిరాక్స్ షాపు దగ్గర నిలబడతారు, ప్రజెంటేషన్ రోజు మొదటి స్లైడు చదివి కూర్చుంటారు. ఇది ఎవరూ చెప్పి చేయించరు. దానంతటదే జరిగిపోతుంది. శ్రమ విభజనకూ శ్రామికుల విభజనకూ మధ్య తేడాని కులనిర్మూలనలో అంబేడ్కర్ ఎత్తి చూపింది 1936లో. ఆ తేడా ఇవాళ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది తరగతి గదిలో నా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగేళ్లయ్యాక ఇంటర్వ్యూలో "ప్రాజెక్టులో నీ పాత్ర ఏమిటి?" అని అడిగితే ఆ ఇద్దరి దగ్గర జవాబుండదు. వాళ్లకి తెలివి లేదని తీర్పు వస్తుంది. 'మెరిట్' అనే మాట వెనుక ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి.

విధానాల సంగతి కిందికి వస్తుంది. ఈ అడ్మిషన్ల కాలంలో డబ్బు చేతిలో పట్టుకుని షాపు ముందు నిలబడేవాళ్లకి ముందు కొన్ని మాటలు చెప్పాలి.

అన్నిటికంటే ముందు, మొదటి సెమిస్టర్‌కే కొనాలని లేదు. ల్యాబు సరిగా తెరిచి ఉంటే ఆరు నెలలు ఆగండి. ఆలోగా మీ బ్రాంచికి నిజంగా ఏం కావాలో సీనియర్ల దగ్గర తెలుస్తుంది, తొందరలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చే పని తప్పుతుంది. కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు కంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ముఖ్యం. ఐ7 స్టిక్కరు చూసి మోసపోవద్దు. పాత తరం ఐ7 కంటే కొత్త తరం ఐ3 మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి. 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు. కానీ ర్యామ్ పెంచుకునే స్లాటు ఉందో లేదో షాపులో తప్పక అడగాలి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడం కుదరదు. స్లాటు ఉంటే రెండేళ్ల తర్వాత, చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు 16కి వెళ్లొచ్చు. ఎస్‌ఎస్‌డీ 256 జీబీకి తగ్గొద్దు, వీలైతే 512. పదిహేను, పద్దెనిమిది వేలకే కొత్తదంటూ అమ్మే 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ యంత్రాల జోలికి వెళ్లొద్దు. ఇంజనీరింగ్ చదువుకి అవి పనికిరావు, ఆ డబ్బు పోయినట్టే.

ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే అంతకంటే చాలా మంచి దారి ఉంది: కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వరుసలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, ఎక్కడ చూసినా ఇవి దొరుకుతాయి. గట్టి శరీరం, మంచి కీబోర్డు, విడిభాగాలు సులభంగా దొరకడం వీటి బలం. కానీ నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. మోడల్ నంబరులో ఐ5 తర్వాత వచ్చే అంకె చూడండి. 8250 అంటే ఎనిమిదో తరం, 6300 అంటే ఆరో తరం. ఆరో తరం యంత్రంలో కూడా షాపువాళ్లు ఏదో కిటుకుతో విండోస్ 11 ఎక్కించి అమ్ముతారు. ఉబుంటు లాంటి లినక్స్ వాడటానికి సిద్ధపడితేనే దాన్ని తీసుకోండి. బ్యాటరీ రిపోర్టు తీసే కమాండ్ విండోస్‌లోనే ఉంది, మీ ముందే తీసి చూపించమనండి. బయోస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలిపోయిందేమో చూడండి. సీరియల్ నంబరు వేసిన బిల్లు, ఎన్ని నెలల వారంటీయో రాతలో, ఈ రెండూ లేకుండా షాపు మెట్లు దిగొద్దు. పక్కన తెలిసినవాళ్లు ఒకరు ఉంటే మరీ మంచిది. మన పిల్లల్ని చూసి ధర చెప్పేవాళ్లు ఆ వీధుల్లో తక్కువేం లేరు.

బ్రాంచిని బట్టి కొంత తేడా ఉంటుంది. సివిల్, మెకానికల్ వాళ్లకి మూడో ఏడాది నుంచి రెవిట్, సాలిడ్‌వర్క్స్, యాన్సిస్ లాంటివి వస్తాయి, అప్పుడు 16 జీబీ కావాలి. అవి విండోస్ మీద నడిచేవి కాబట్టి మ్యాక్‌బుక్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఏఐ, మెషిన్ లెర్నింగ్ బ్రాంచివాళ్లు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చదువే సాగదన్నట్టు మాట్లాడుతుంటారు. నేర్చుకునే దశలో గూగుల్ కొల్యాబ్, క్యాగిల్ ఉచితంగా ఇచ్చే జీపీయూ గంటలు చాలు. గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు, దాని ఛార్జర్ బరువు, రెండు గంటల్లో అయిపోయే బ్యాటరీ, ఇవి మోసిన వాళ్లనడిగితే చెప్తారు. ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చే విద్యార్థికి, ఇంట్లో కరెంటు నిలకడగా ఉంటే, వాడిన డెస్క్‌టాప్ ఇంకా చౌక. దీన్ని ఎవరూ సిఫారసు చేయరు, ఎందుకో నాకర్థం కాదు.

చదువుకునే సామగ్రి విషయంలో మనవాళ్లు నష్టపోయేది డబ్బు లేక కాదు, తెలియక. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్‌లో దాదాపు ప్రతి ఇంజనీరింగ్ సబ్జెక్టుకీ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్‌లో సీ, పైథాన్, లినక్స్, సైలాబ్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి. పది, పదిహేను నిమిషాల వీడియోలు, డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూడొచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి నెల తరగతిలో నోరు విప్పలేని పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే. ఏఐసీటీఈ ఈ-కుంభ్‌లో ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాలు తెలుగులో ఉన్నాయి. ల్యాబు పరికరాలు సరిగా లేని కాలేజీలవాళ్లు వర్చువల్ ల్యాబ్స్ చూడాలి. మ్యాట్‌ల్యాబ్‌కి బదులు ఆక్టేవ్ లేదా సైలాబ్, సర్క్యూట్లకి కైక్యాడ్, ఈసిమ్, డ్రాయింగ్‌కి లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. పైరసీ కాపీ ఎక్కించుకుని వైరస్ తెచ్చుకోవాల్సిన పని లేదు. సొంతంగా ఒక్క సబ్జెక్టుకి ఒక్క మంచి పుస్తకం చాలు. పరీక్ష ముందు రోజు రాత్రి చదివే ఆల్-ఇన్-వన్‌లు సెమిస్టర్ దాటిస్తాయి, ఇంటర్వ్యూలో వదిలేస్తాయి.

అయితే ఉచితం అన్న మాటకి కూడా ఒక సరిహద్దు గీశారు. 'ఒకే దేశం ఒకే చందా' పథకం కింద కేంద్రం 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి తెచ్చింది. మంచిదే, నేనూ రోజూ వాడుతున్నాను. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకీ పరిశోధనా సంస్థలకీ మాత్రమే. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివే దళిత విద్యార్థుల్లో ఎక్కువమంది ఉండేది ప్రైవేటు అనుబంధ కాలేజీల్లో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద. ఫీజు ప్రభుత్వ సొమ్ము, విద్యార్థి ప్రభుత్వ లబ్ధిదారు, కాలేజీ మాత్రం ప్రైవేటు. కాబట్టి ఆ పత్రికలు వాళ్లకి తెరుచుకోవు.

అసలు వివక్ష ఇదే తీరులో స్కాలర్‌షిప్పుల్లో ఉంది. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ ఎస్సీ విద్యార్థులకి రెండు పథకాలు నడుపుతోంది. ఒకటి టాప్ క్లాస్ ఎడ్యుకేషన్. కేంద్రం జాబితాలో పెట్టిన ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐఐఎం వంటి సంస్థల్లో, సంస్థకి ఇన్ని అని కేటాయించిన సీట్ల మేరకు, 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉన్నవాళ్లకి. దానిలో ఫీజు కాక మొదటి ఏడాది 86,000, ఆ తర్వాత ఏడాదికి 41,000 ఇస్తారు. ఎందుకంటే బతుకు ఖర్చు, పుస్తకాలు, ల్యాప్‌టాప్. ఆ మాట పథకంలోనే రాసి ఉంది. రెండోది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, 1944 నుంచి ఉన్నది. ఆదాయ పరిమితి 2.5 లక్షలు. 2021 నిబంధనల ప్రకారం వృత్తివిద్యా డిగ్రీ చదివే హాస్టల్ విద్యార్థికి నిర్వహణ భత్యం ఏడాదికి 13,500, ఇంటి నుంచి వెళ్లేవాళ్లకి 7,000. ల్యాప్‌టాప్‌కని వేరే సొమ్ము లేదు. నాలుగేళ్ల భత్యం మొత్తం కలిపితే 54,000. తినకుండా ఉంటే ఒక ల్యాప్‌టాప్ వస్తుంది.

ఒకే మంత్రిత్వ శాఖ, ఒకే కులాల పిల్లలు, ఒకే బీటెక్. ఖరగ్‌పూర్‌లో చదివితే ల్యాప్‌టాప్ అవసరమని ఆ శాఖకి తెలుసు. నరసరావుపేటలోనో నల్లగొండలోనో చదివితే అది గుర్తుకు రాదు. పైగా రెండో బృందం మరింత పేదది. ఆదాయ పరిమితే ఆ సంగతి చెప్తోంది. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో అంబేడ్కర్ ఎస్సీ విద్యార్థుల సైన్స్, సాంకేతిక విద్యకి ప్రత్యేకంగా ఉపకారవేతనాలు అడిగారు. ఆ చదువు ఖరీదైనదని, మామూలు ఫీజు రాయితీతో అది అందదని ఆయనకి తెలుసు. ఎనభై ఏళ్లు దాటాక మనం ఇంకా ఫీజు దగ్గరే ఆగిపోయాం. అదీ సమయానికి రాదు. 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేశాయి. యాజమాన్యాలకి మూసేసే బలం ఉంది. సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్న విద్యార్థికి ఆ బలం లేదు.

ప్రతి ఒక్కరికీ ల్యాప్‌టాప్ ఇవ్వడం సాధ్యమా అని అడిగేవాళ్లకి ఉదాహరణ వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పదో తరగతి మార్కులతో చేరిన పల్లెటూరి పిల్లలకి క్యాంపస్‌లో అడుగుపెట్టగానే ల్యాప్‌టాప్ ఇచ్చారు. చదువు మొత్తం దాని మీదే నడిచింది. తమిళనాడు 2011లో ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. ఆ యంత్రాల్లో విండోస్‌తో పాటు సీ-డ్యాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉండేది. మధ్యలో ఆగిన పథకాన్ని 2025-26 బడ్జెట్‌లో రెండేళ్లలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకి అంటూ మళ్లీ ప్రకటించారు. దీన్ని 'ఉచితాలు' అని వెక్కిరించే వ్యాసాలు నేనూ చదివాను. వాటిని రాసినవాళ్లు ఏ యంత్రం మీద రాశారో, దాన్ని మొదటిసారి ఎవరు కొనిచ్చారో కూడా ఒక వాక్యం రాస్తే బాగుండేది.

మరో చిన్న విషయం. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ సున్నా, ల్యాప్‌టాప్ మీద 18 శాతం. పుస్తకం చదువు సామగ్రి, ల్యాప్‌టాప్ విలాస వస్తువు అన్న అర్థం ఆ అంకెలో ఉంది. నలభై వేల యంత్రం మీద 7,200 రూపాయలు పన్ను. స్కాలర్‌షిప్ విద్యార్థి అది కూడా కట్టాలి.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. ల్యాబు మూశాక అబ్బాయిలు ఫ్రెండ్ గదికో నెట్ సెంటర్‌కో వెళ్తారు. సాయంత్రం ఆరింటికి హాస్టల్ గేటు పడితే అమ్మాయికి ఆ దారి లేదు. 2019లో ఫహీమా షిరీన్ కేసులో కేరళ హైకోర్టు, హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను వాడకూడదన్న నిబంధనని తప్పుబట్టింది. ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువుకునే హక్కులో, 21వ అధికరణం కింద గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు మన హాస్టల్ వార్డెన్ల దాకా ఇంకా రాలేదు. మరుసటి ఏడాదే, 2020లో, ఆన్‌లైన్ పాఠాలు అందక కేరళలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. నవంబర్‌లో షాద్‌నగర్ నుంచి ఢిల్లీ వెళ్లి చదువుతున్న ఒక అమ్మాయి, సెకండ్ హ్యాండ్‌దైనా సరే ల్యాప్‌టాప్ కావాలని ఇంట్లో అడిగిన అమ్మాయి, అదే దారి పట్టింది. ఆమె చేతికి రావాల్సిన స్కాలర్‌షిప్ అప్పటికి రాలేదు. ల్యాప్‌టాప్ గురించి ఎందుకింత రాద్ధాంతం అనుకునేవాళ్లు ఈ రెండు వార్తల్నీ మళ్లీ చదవాలి.

అడగాల్సినవి ఏమిటి? పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో సాంకేతిక కోర్సులకి మొదటి ఏడాదే ఒక పరికర భత్యం చేర్చాలి. కేంద్రం కదిలేదాకా రాష్ట్రాలు ఆగక్కర్లేదు. 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో దాని స్థానంలో వచ్చిన 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నది ఇలాంటి వాటికే. రోడ్లకీ ఫ్లైఓవర్లకీ ఎస్సీల వాటా లెక్కగట్టి రాసుకునే శాఖలు ఒక్క ఏడాది ఆ సొమ్ముని విద్యార్థి చేతికి చేరేలా ఖర్చుపెట్టి చూడాలి. ట్యాబులు పంచి చేతులు దులుపుకోవడం దీనికి జవాబు కాదు. ట్యాబు మీద వీడియో చూడగలం, ప్రోగ్రామ్ రాసి నడపడం కష్టం.

ఇంకొకటి మనం మరిచిపోయిన పాత పద్ధతి. ఇంజనీరింగ్, మెడిసిన్ చదివే ఎస్సీ విద్యార్థులకి ఇద్దరికి ఒక సెట్టు చొప్పున పాఠ్యపుస్తకాలిచ్చే బుక్ బ్యాంక్ పథకం ఉండేది. లైబ్రరీలో ముద్ర వేసిన ఆ లావుపాటి పుస్తకాలతోనే మన ముందు తరం ఇంజనీర్లు చాలామంది చదివారు. అదే పద్ధతిలో ప్రతి కాలేజీలో ల్యాప్‌టాప్ బ్యాంక్ ఎందుకు ఉండకూడదు? సెమిస్టర్‌కి ఇచ్చి, చివర్లో తీసుకుని, బాగుచేసి మళ్లీ ఇవ్వొచ్చు. దీనికి ప్రభుత్వం కోసమే చూడనక్కర్లేదు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన ఇంజనీర్ల ఇళ్లలో మూడేళ్లకోసారి ఒక ల్యాప్‌టాప్ అటక ఎక్కుతుంది. ఏప్రిల్ 14న దండలకి పెట్టే ఖర్చులో కొంత వాటి బ్యాటరీలకి పెట్టొచ్చు.

ఈలోగా అప్పు తప్పదనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోండి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖరీదు కూడా చేర్చుకోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, రుణం ఎందుకని బ్యాంకులో అంటే, పరికరం, పుస్తకాల ఖర్చుకి వేరే అంచనా పత్రం కాలేజీ నుంచి రాయించుకుని వెళ్లండి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చేకంటే, ఫోను కంపెనీ ఫైనాన్స్ యాప్‌లో తీసుకునేకంటే అది చాలా మేలు. ఆ అంచనా పత్రం ఇవ్వడానికి కాలేజీ ఆఫీసు రెండు మూడుసార్లు తిప్పుతుంది, కాబట్టి అడ్మిషన్ రోజునే అడగండి. అదే రోజు ల్యాబు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలని ప్రిన్సిపాల్‌కి ఒక అర్జీ రాసి, పదిమంది సంతకాలు పెట్టి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.